ఎడంచేతి తాత

ఘంటసాల ఊళ్ళో నేను తప్పిపోయిన గేదెల్ని వెతికిపెట్టే రోజుల్లో, ఒక గేదె కృష్ణలో దిగి ఈదుకుంటూ సముద్రం దాకా వెళ్ళి, అక్కడి ఉప్పునీళ్ళు సయించక, దారిపొడుగునా తన ఇల్లెక్కడని అడుగుతూ వెనక్కి వచ్చింది. ఈ మాట ఎవరూ నమ్మరు. నమ్మకపోవడమే నాక్కావాలి. నేనొక అబద్ధం విసిరితే ఎదుటి మనిషి ఊరుకోలేక నిజం చెప్పి సరిదిద్దుతాడు. పెద్ద చదువుల డిటెక్టివులకి యంత్రాలుంటాయి. మా ఊరి బళ్ళో మేష్టారు ఇక చాల్లే పొమ్మన్న దగ్గర చదువాపిన ఈ నాంచారయ్యకి ఇదొక్కటే పనిముట్టు.

ఆ పొద్దున బందరు ఖాలేఖాన్‌పేటలో, ఫైసల్ స్టూడియోలో కూర్చుని ఆ పనిముట్టే బయటికి తీశాను.

"నిన్న గుడివాడలో ఏనుగెక్కి ఊరేగావటగా అబ్బాయ్."

"ఏనుగేంటి మావయ్యగారూ," అన్నాడు ఫైసల్. రాత్రంతా నిద్రలేని మొహంలోనే చిన్న నవ్వు వచ్చిపోయింది. "మొదటి బస్సుకి వెళ్ళాను. రిపేరుకిచ్చిన లైటు తెచ్చుకోవాలి. షాపాయన షట్టరు ఎత్తేసరికి గుమ్మంలో నేనున్నాను. ఆయన ఫోన్లో మా తాతే ఆడుతున్నాడు. లైటు తీసుకుని ఇక్కడికొచ్చేసరికి షో అయిపోయింది. మేడ తలుపు బార్లా తీసుంది. నిస్సీ లేదు. ఫోను స్విచ్చాఫ్."

తాతంటే వీళ్ళ తాత కాదు. రొయ్యల తాత. కంప్యూటర్లో పుట్టిన బొమ్మ. రొయ్య మీసాలు, గళ్ళ లుంగీ, తలకి తువ్వాలు. రోజూ పొద్దున్నే దివిసీమ రైతుల ఫోన్లలో కనబడి ఏ చెరువుకి ఎంత మేత వెయ్యాలో, నీళ్ళు ఎప్పుడు మార్చాలో చెప్తాడు. ఆ బొమ్మని ఆడించేది నిస్సీ. స్టాండు మీద కెమెరా, దాని పక్కన పెద్ద తెర. కెమెరా ముందు ఆ పిల్ల నిలబడి చెయ్యెత్తితే తెర మీద తాత చెయ్యెత్తుతాడు. వంగితే వంగుతాడు. వేళ్ళు ముడిస్తే ముడుస్తాడు. ఒంటికి తీగలుండవు, చేతికి తొడుగులుండవు, గాలిలో చేతులాడించడమే. ఆమె మాట కూడా ముసలాడి గొంతుగా మారి వస్తుంది. నాగాయలంకలో కొంతమంది రైతులు తాత తిడతాడని చెరువుగట్టు మీద చుట్ట కాల్చడం మానేశారంటే మీరు నమ్మాలి, ఇది మాత్రం నిజం.

ఆ నిస్సీ నిన్నటినుంచి కనబడ్డం లేదు.

తలుపు దగ్గర కుర్చీలో వాళ్ళమ్మ సంతోషమ్మగారు కూర్చునుంది. మోపిదేవి దగ్గర పల్లెలో చర్చిలో సండే స్కూలు చెప్పే మనిషి. తెల్లవారగానే బస్టాండు పక్కన నా గదికొచ్చి నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది.

"సినిమాల్లో చేరతానని మీతో పోట్లాడి వెళ్ళిపోయిందటగా మీ అమ్మాయి," అన్నాను ఆమెతో.

"ఎవరా మాటన్నది? మొన్న రాత్రి ఫోన్లో నాతో ఎంత బాగా మాట్లాడింది. నీలితార రొయ్యపిల్ల వెయ్యొద్దని రేపు తాత చేత చెప్పించేస్తానమ్మా అంది. ఆ హేచరీ పిల్ల వేసిన చెరువులన్నీ తెల్లమచ్చ తెగులొచ్చి పోతున్నాయట. షోకి డబ్బిచ్చేది వాళ్ళే కదే, జాగ్రత్త అన్నాను." ఆమె కుర్చీ నా వైపు జరుపుకుంది. "పిల్ల దొరికితే చాలన్నయ్యగారూ. నాకు ఇంకేం వద్దు."

నీలితార హేచరీ అంటే రొయ్య పిల్లల్ని పొదిగించి అమ్మే కంపెనీ. తాత మంచం కింద వాళ్ళ పేరు పెద్దక్షరాలతో ఉంటుంది.

"మరి నిన్న తాత ఆ మాట చెప్పాడా?" అన్నాను ఫైసల్‌తో.

"నిన్న తాత అసలు మాట్లాడలేదండీ. మైకు పాడైందని తెర మీద రాసుంది. మీరే చూడండి."

నిన్నటి షో పెట్టాడు. తాత మంచం మీదినుంచి లేచాడు. దణ్ణం పెట్టాడు. మూకీ సినిమాలోలాగా చేతులు తిప్పాడు. ఆఖర్న నీలితార పిల్లల ప్యాకెట్టు బొమ్మ చేతిలోకి తీసుకుని చూసేవాళ్ళకి అందించాడు. వద్దనాల్సిన పిల్లల్నే వేసుకోమని ఇచ్చాడన్నమాట. అదీ ఎడంచేత్తో.

కింద రైతులు రాసినవి ఫైసల్ చదివాడు. 'తాతా, ఎడంచేత్తో ఇస్తావేంటి, మా ఇంట్లో పెళ్ళిపిల్లున్న చోట.' 'వయసొచ్చింది గాని మర్యాద రాలేదు.' 'తాతకి పక్షవాతం వచ్చిందా, కుడిచెయ్యి లేపట్లేదు.'

"ఇదివరకెప్పుడైనా ఇచ్చాడా ఎడంచేత్తో?"

"ఎప్పుడూ లేదండీ. సాఫ్ట్‌వేర్ తేడా అనుకున్నాను."

"ఈ తాతని ఆడించడం నీకూ నిస్సీకీ తప్ప ఎవరికొచ్చు?"

"స్విచ్చేసి ఎదురుగా నిలబడితే ఎవరికైనా వచ్చేస్తుందండీ. ఎగ్జిబిషన్‌లో చంటిపిల్లలే ఆడించారు. దానికోసం నీలితార వాళ్ళకి ఇంకో సెట్టు కట్టిచ్చాం. టీవీ, కెమెరా, అంతే. కీబోర్డు లేదు, మైకు లేదు. స్విచ్చేస్తే దానంతటదే నెట్‌కి తగులుకుంటుంది. అది తిరిగివ్వకుండా నాగాయలంక గోడౌన్లో పడేశారు. అక్కడ ఎవరైనా ఆన్ చేస్తే ఇక్కడా తాత లేచి కూర్చుంటాడు. రెండు చోట్లా ఉన్నది ఒకే తాత."

నేనింకో అబద్ధం ఆలోచించుకునేలోపు మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

వచ్చింది యుగంధర్. ఎదురింటి గోడకి నిచ్చెన అక్కర్లేనంత పొడుగు. తనూ డిటెక్టివే, కాని నాలాగా బస్టాండు పక్కన బోర్డు కాదు. నీలితార వాళ్ళు జీతమిచ్చి పెట్టుకున్న మనిషి. 'మా షోలో పనిచేసే అమ్మాయి, మేమూ వెతికిస్తాం' అని నిన్ననే ఇతన్ని ఈ కేసులోకి దింపారు. మాట్లాడేముందు ఎడంచెయ్యి పైకెత్తి, వదులు గొలుసు గడియారం మోచేతి వైపునుంచి మణికట్టుకి జారేలా రెండుసార్లు విదిలిస్తాడు. టైము చూడడు. విదిలించడమే. మాది చిన్న ఊరు గనక ఈపాటికి బందర్లో కుర్రాళ్ళు కూడా ఆ విదిలింపు నేర్చేసుకున్నారు.

విదిలించాడు.

"నాంచారయ్యగారూ, గేదె దొరికిందా?"

"వెతుకుతున్నానండి. మీ వైపేమైనా వచ్చిందా?"

"మీ వయసుకి గౌరవమిచ్చి చెప్తున్నాను. ఇంటికెళ్ళండి. ఎస్సైగారు వస్తున్నారు, ఈ అబ్బాయిని తీసుకెళ్తారు." ఫైసల్ వైపు చూడకుండానే వేలు చూపించాడు. "లెక్క చాలా చిన్నది. షో నడిచినంతసేపూ తాత కదిలాడు. దివిసీమంతా చూసింది. అంటే అమ్మాయి ఇక్కడే ఉంది. షో అయ్యాక ఈ మేడెక్కింది ఇతనొక్కడు. ఆ తర్వాత అమ్మాయి లేదు."

"నేనొచ్చేసరికే లేదండీ," అన్నాడు ఫైసల్.

"ఆ ముక్క స్టేషన్లో చెప్పు."

సంతోషమ్మగారు ఫైసల్ వైపు చూసింది. నిన్నటిదాకా 'నా కూతురికి అన్న లాంటివాడు' అన్న మనిషి చూపులో ఇప్పుడు అనుమానం దూరింది. కుర్రాడు తలొంచుకున్నాడు. నేనింక ఆలస్యం చేస్తే లాభం లేదు.

"తీసుకెళ్ళండి పాపం," అన్నాను. "వెళ్ళేముందు ఒక్కసారి నన్ను తాతతో ఆడుకోనివ్వండి. మళ్ళీ ఇతను ఎప్పుడొస్తాడో ఏమో."

"ఆటలకి టైము లేదు," అని యుగంధర్ గడియారం విదిలించాడు.

"అలా విదిలిస్తే ఉన్న టైము కూడా రాలిపోతుందండీ," అంటూ లేచాను.

కెమెరా ఎదురుగా నేలమీద రంగు టేపుతో గీత వేసి ఉంది. నిస్సీ నిలబడే చోటు. అక్కడ నిలబడ్డాను. ఫైసల్ స్విచ్చేశాడు. తాత మంచమ్మీద కూర్చుని కునుకుతున్నాడు. ఎదురుగా మనిషి లేకపోతే కునికిపాట్లు పడేలా చేశారట, ముచ్చటగా ఉంటుందని. నేను రెండు చేతులూ ఊపాను. తాత తలకి చుట్టిన తువ్వాలు మాత్రం కొంచెం కదిలింది. గంతేశాను. మీసం ఎగిరింది.

"ఏంటయ్యా, నన్ను చూసి లేవడం నామోషీయా మీ తాతకి?"

ఫైసల్ కెమెరా దగ్గరికెళ్ళి ఆగిపోయాడు. "దీన్నెవరో పైకెత్తారు మావయ్యగారూ. మీ తల మాత్రమే కనబడుతోంది దీనికి."

"నువ్వెత్తలేదూ?"

"నేనెందుకెత్తుతాను? నిస్సీ మీకంటే పొట్టి. కెమెరా ఎప్పుడూ స్టాండు కింది మర మీదే ఉంటుంది. నిన్నటినుంచి దీన్ని నేను ముట్టుకోలేదు."

"దుమ్ము దులిపేవాళ్ళు కదిలించి ఉంటారు," అన్నాడు యుగంధర్ తలుపుకి జారగిలబడి.

"అయ్యుంటుంది. మీ ఎత్తున్న దుమ్ము దులిపే మనిషెవరో," అన్నాను.

ఫైసల్ కెమెరా దించాడు. ఇప్పుడు తాత లేచి నిలబడ్డాడు. నా జేబులో పొట్లం ఉంది. పనికి బయల్దేరితే ఒక బందరు లడ్డూ లేకుండా నా బుర్ర నడవదు. లడ్డూ తీసి, తాతకి పెడుతున్నట్టు చెయ్యి చాపాను. మా అమ్మ నేర్పిన పద్ధతిలో, కుడిచెయ్యి.

తెర మీద తాత ఎడంచెయ్యి చాపాడు.

ఇంకోసారి చాపాను. మళ్ళీ ఎడమే.

"ఇది అద్దంలాగా అండీ," అన్నాడు ఫైసల్ నెమ్మదిగా, తనకే ఏదో అర్థమవుతున్నట్టు. "మన కుడి ఆయనకి ఎడమ. నిస్సీ అందుకే ఎప్పుడూ ఎడంచేత్తో ఇస్తుంది, తాత కుడిచేత్తో ఇచ్చేలాగా. మార్చనా అంటే వద్దంది. నాకిదే అలవాటు అంది."

"అలవాటేంటి, ఎడంచేత్తో ఇవ్వడం?" అన్నాను సంతోషమ్మగారి వైపు తిరిగి. "పెంపకంలో లోటు కాదూ?"

పనిముట్టు పనిచేసింది. ఆమె విసురుగా లేచింది. "లోటేంటన్నయ్యగారూ. పిల్లల ముందు నిలబడి యాక్షన్ సాంగ్స్ చేయించేవాళ్ళం అందరం అంతే. మనం కుడి ఎత్తితే ఎదురుగా ఉన్న చంటివాడు చూసి ఎడమ ఎత్తుతాడు. అందుకని మనం ఎడమ ఎత్తుతాం, వాళ్ళు కుడి ఎత్తుతారు. నిస్సీ పదేళ్ళ వయసునుంచి నా పక్కన నిలబడి అలాగే చేసింది. దానికి ఇంకోలా రాదు."

"కూర్చోండి అమ్మా, కోప్పడకండి. ఆ ఒక్క మాట కోసమే గిల్లాను."

లడ్డూ సగం విరిచి ఫైసల్‌కిచ్చాను. మనుషుల మధ్య అద్దం లేదు గనక కుడిచెయ్యి కుడిచెయ్యే. "యుగంధర్ గారూ, మీ చిన్న లెక్కలో ఒక తప్పుందండీ. నిన్న తాత కదిలాడు, నిజమే. కదిలించింది నిస్సీ కాదు. నిస్సీ అయితే ప్యాకెట్టు కుడిచేత్తో ఇచ్చేవాడు. ఈ ఫైసల్ కూడా కాదు. ఇతనికి అద్దం సంగతి తెలుసు. పైగా తాత ఆడుతున్నప్పుడు ఇతను గుడివాడలో షాపాయన పక్కన నిలబడి చూస్తున్నాడు. నిన్న ఈ గీత మీద నిలబడ్డవాడు అద్దం సంగతి తెలియనివాడు. పొడుగు మనిషి. మర్యాద తెలిసినవాడు, ఎవరికేమిచ్చినా కుడిచేత్తో ఇవ్వాలని చిన్నప్పుడు దెబ్బలు తిని నేర్చుకున్నవాడు. అద్దం ముందు తల దువ్వుకునేవాడికి అందులో దువ్వెన ఏ చేతిలో ఉందో పట్టదు. ఇతనికీ పట్టలేదు."

"గొంతు లేకపోవడం?" అన్నాడు ఫైసల్.

"మీసాలు తాతవి దొరికాయి గాని మాటల దగ్గర ధైర్యం చాలలేదు. గొంతు మారినా యాసలో పట్టుబడతాడు. అందుకని మైకు పాడైంది."

సంతోషమ్మగారు నా వైపు ఒక అడుగు వేసింది. "అయితే షోకి ముందే..."

"ముందే ఎత్తుకెళ్ళారమ్మా. ఆ మాట తాత నోట రాకుండా. అందరూ నిన్నటినుంచీ షో అయిన తర్వాత ఏమైందనే వెతుక్కుంటున్నారు."

ఆమె ఫైసల్ దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యేసింది. వాడు కళ్ళు తుడుచుకున్నాడు.

యుగంధర్ మాత్రం చప్పట్లు కొట్టాడు, మెల్లగా, మూడు వేళ్ళతో.

"బాగుందండీ. ఒక లడ్డూ పెట్టి కేసు తిప్పేశారు. ఎస్సైగారికి ఏమని చెప్తారు? బొమ్మకి మర్యాద లేదు గనక ఈ అబ్బాయిని వదిలెయ్యమనా? పొడుగు మనుషులు బందర్లో వెయ్యిమంది. కుడిచేత్తో ఇచ్చేవాళ్ళు కోటిమంది."

"అదీ నిజమే. నా దగ్గర మనిషి లేడు, ఎత్తే ఉంది."

"మనిషి దొరికినప్పుడు కబురు చెయ్యండి." గడియారం విదిలించి ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "ఎస్సైగారు ఎక్కడిదాకా వచ్చారో కనుక్కుంటాను."

అతను అన్నది నిజమని నాకూ తెలుసు. కెమెరా మర, ఎడంచెయ్యి, ఈ రెండిటితో కుర్రాణ్ణి కాపాడొచ్చేమో గాని ఆ పిల్ల ఎక్కడుందో కనిపెట్టలేను. అది దొరక్కుండా మిగతాదంతా నా గేదె కథే. కెమెరాకి మూత పెట్టమని ఫైసల్‌కి చెప్పి కుర్చీలో కూలబడ్డాను. తెర మీద తాత వెళ్ళి మంచమ్మీద కూర్చుని తలవాల్చాడు.

మిగిలిన సగం లడ్డూ నోట్లో వేసుకోబోతుండగా తాత తలెత్తాడు.

మూత వైపు చూశాను. మూత పెట్టే ఉంది. గీత మీద ఎవరూ లేరు.

తాత లేచి నిలబడ్డాడు. అటూ ఇటూ చూశాడు. రెండు చేతులూ మొహం ముందు పెట్టుకుని, వేళ్ళు విప్పి, తన చేతులేనా అన్నట్టు తిప్పి చూసుకున్నాడు. తర్వాత చెయ్యి ముందుకు చాపాడు, ఎవరికో ఏదో ఇస్తున్నట్టు.

కుడిచెయ్యి.

"నా పిల్ల," అంది సంతోషమ్మగారు. అరవలేదు. ప్రార్థనలో చెప్పుకున్నంత మెల్లగా అంది.

"ఇది మన కెమెరా కాదు మావయ్యగారూ. గోడౌన్లో సెట్టు. ఎవరో స్విచ్చేశారు."

ఆ పిల్ల దగ్గర ఫోను లేదు, మైకు లేదు. చేతులున్నాయి. తాత రెండు అరచేతులూ కలిపి అలలాగా కదిపాడు.

"నీళ్ళు. నీళ్ళ ఒడ్డున ఉందట," అంది సంతోషమ్మగారు, తెరకి దగ్గరగా వెళ్ళి. పిల్లలకి చెప్పే పద్ధతిలోనే ఒక్కొక్క మాటా పైకి చెప్తోంది. తాత గాల్లో తలుపు కొట్టాడు. పిడికిలి తిప్పాడు. "తలుపు. తాళం వేశారు." తాత గుండె మీద చెయ్యేసి, మళ్ళీ తీసి, బొటనవేలు పైకెత్తాడు. "బాగానే ఉన్నానంటోంది. దెబ్బలేం లేవంటోంది." ఆమె రెండు చేతులూ తెరకి ఆనించింది, అవతలి చేతులు తగులుతాయన్నట్టు.

"ఎవరమ్మా?" అన్నాను నేను, వినబడదని తెలిసీ. "ఎవరు తీసుకెళ్ళారు?"

అడిగినట్టే ఉంది. తాత మడమల మీద లేచి పొడుగయ్యాడు. తర్వాత ఎడంచెయ్యి పైకెత్తాడు. ఈసారి ఇవ్వడానికి కాదు. మోచెయ్యి మడిచి, మణికట్టు రెండుసార్లు విదిలించాడు.

ఫైసల్ నోటినుంచి నవ్వు తన్నుకొచ్చి సగంలో ఆగిపోయింది. ముగ్గురం తలుపు వైపు తిరిగాం.

యుగంధర్ ఎడంచెయ్యి అప్పటికే పైకి లేచి ఉంది. అలవాటు మరి. తెర మీది చెయ్యి చూశాడు, తన చెయ్యి చూసుకున్నాడు. విదిలించకుండా నెమ్మదిగా దించాడు. గడియారం మోచేతి దగ్గరే ఉండిపోయింది.

"ఇప్పుడు మనిషి కూడా దొరికాడండీ," అన్నాను. "ఫైసలూ, నాగాయలంక స్టేషన్‌కి ఫోన్ చెయ్యి. నీలితార గోడౌనని చెప్పు, పిల్ల బతికే ఉందని చెప్పు. నేను తలుపు చూసుకుంటాను."

లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. అతని రొమ్ము దాకా వచ్చాను. అతను నన్ను నెట్టే ప్రయత్నమేమీ చెయ్యలేదు. చెమట కూడా పట్టలేదు. కుడిచేతిలో ఫోను నాకు చూపించాడు, మర్యాదగా, ఎవరికైనా ఏదైనా ఇచ్చేటప్పుడు చూపించినట్టు. అందులో ఎవరో అప్పటికే లైన్లో ఉన్నారు.

"తాత లేచినప్పుడే చేశానండీ," అన్నాడు. "గోడౌను కాపలావాడు పక్కనే ఉంటాడు."

తెర మీద తాత చెయ్యి మళ్ళీ ముందుకు చాచబోయి ఆగాడు. మెడ తిప్పి వెనక్కి చూశాడు. రెండు చేతులూ ఒక్కసారి పైకి లేచాయి, అడ్డం పెట్టుకున్నట్టు. సంతోషమ్మగారు కూతుర్ని పేరు పెట్టి పిలిచింది. తాత మొహం మాత్రం నవ్వుతూనే ఉంది. బొమ్మ కదా, దానికి ఇంకో మొహం గీయలేదు.

ఆ తర్వాత తాత వెళ్ళి మంచమ్మీద కూర్చుని, ఏమీ ఎరగనట్టు కునకడం మొదలుపెట్టాడు.